కన్ను ఎదిగిన వయసులో బొమ్మ: ఉత్తర తెలంగాణ ఉన్నత పాఠశాలల్లో కళా బోధన

ఉన్నత పాఠశాలలో చిత్రకళ నేర్పడం గురించి మాట వచ్చినప్పుడల్లా రంగులు లేవని, కాగితాలు లేవని, ప్రత్యేక గది లేదని, డ్రాయింగ్ మాస్టర్ పోస్టు ఖాళీగా ఉందని చెప్పుకోవడం పరిపాటి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే అయినా, వీటికంటే ముందు తరగతి గదిలో ఎదురయ్యే అడ్డంకి మరొకటి ఉంది: ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామంది తమకు బొమ్మలు రావని అప్పటికే తీర్మానించుకుని ఉంటారు. ఐదారేళ్ల వయసులో బొగ్గు దొరికితే గోడ మీదా, పుల్ల దొరికితే వాకిట్లోనూ ఎవరూ అడగకుండానే గీసిన ఈ పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లకు ఎందుకు వెనక్కి తగ్గుతారో తెలుసుకోకుండా మొదలుపెట్టిన పాఠం ఎన్ని రంగుల పెట్టెలు తెచ్చి ముందు పోసినా సాగదు.

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' అనే గ్రంథంలో, పిల్లల బొమ్మలు వయసుతో పాటు దశలు దశలుగా మారే తీరును వివరించాడు. చిన్నపిల్లలు కంటికి కనిపించినదాన్ని కాక తమకు తెలిసినదాన్ని గీస్తారు కనుక, వారి బొమ్మలో ఇంటి గోడ లోపలి మనుషులు కూడా బయటికి కనిపిస్తారు, అమ్మ ఇంటికంటే పెద్దగా ఉంటుంది, అందులో తప్పేమీ వారికి తోచదు. తొమ్మిదేళ్లు దాటాక ఉన్నది ఉన్నట్టు గీయాలన్న కోరిక పుట్టి, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య గట్టిపడుతుంది. ఆ తర్వాతి కాలాన్ని ఆయన నిర్ణయ దశగా పేర్కొన్నాడు, అంటే బొమ్మను కొనసాగించడమా వదిలెయ్యడమా అన్నది ఆ వయసులోనే తేలిపోతుంది. కన్ను ఎదిగినంత త్వరగా చెయ్యి ఎదగకపోవడం వల్ల, తాను గీసిన ఆవు కుక్కలా ఉందని పక్కవాడు చెప్పకముందే గీసినవాడికే తెలిసిపోతుంది, తెలిసిపోయాక మళ్లీ గీయబుద్ధి కాదు. కాబట్టి ఉన్నత పాఠశాలలో కళా బోధన చేయవలసిన పని రెండు వైపులా ఉంటుంది: ఒకవైపు చేతికి కంటి వెంట నడవడం అలవాటు చేయాలి, మరోవైపు ఫొటోలా ఉండడమే బొమ్మకు కొలబద్ద కాదని చేసి చూపించాలి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో, అంటే 2016 పునర్వ్యవస్థీకరణ తర్వాత ఎనిమిది పైచిలుకు జిల్లాలుగా చీలిన ఈ ప్రాంతంలో, రెండో పనికి కావలసిన సరంజామా బజారులో కొననక్కర లేకుండానే దొరుకుతుంది.

మొదటి పని విషయానికి వస్తే, బొమ్మ గీయమని ఊరికే వదిలేసిన ఏ తరగతిలోనైనా కాగితాల మీద దాదాపు ఒకే దృశ్యం తయారవుతుంది: రెండు కొండలు, వాటి సందులోంచి ఉదయించే సూర్యుడు, అక్కడి నుంచి జారే నది, ఒక పెంకుటిల్లు, పక్కన వంగిన కొబ్బరి చెట్టు. మానేరు ఒడ్డున గాని, కడెం పరిసరాల్లో గాని ఆ దృశ్యం ఎక్కడ ఉందని అడిగితే పిల్లలు నవ్వుతారు. చెరువు కట్ట మీద వరసగా నిలబడి ఉన్నవి తాడి చెట్లు. అయినా వాటిని ఎవరూ గీయరు, ఎందుకంటే కొబ్బరి చెట్టును చూసి గీయలేదు, మరో బొమ్మలోంచి నేర్చుకుని గీశారు. అందుకని తొలి పాఠానికి తాడి చెట్టుకు మించినది లేదు. దాని కాండం కిందినుంచి పైదాకా ఒకే మందంలో ఉందా, మధ్యలో ఎక్కడైనా సన్నబడిందా, ఆకు చేతి వేళ్లలా విప్పుకుందా, కొబ్బరి మట్టలా ఈనెకు రెండు వైపులా పరుచుకుందా, ఎండిన మట్టలు ఎక్కడ వేలాడుతున్నాయి అన్న ప్రశ్నలకు ముందు నోటితో జవాబు చెప్పించి, తర్వాతే పెన్సిల్ పట్టిస్తే, ఎంత సామాన్యంగా గీసే పిల్లవాడి కాగితం మీద కూడా పక్కవాడికి లేని ఒక చెట్టు నిలబడుతుంది.

ఇలా చూస్తూ గీయడానికి రెండు అభ్యాసాలు ప్రపంచంలో చాలా చోట్ల స్థిరపడ్డాయి. అమెరికన్ చిత్రకారుడు కిమన్ నికొలాయిడిస్ బోధనల ఆధారంగా 1941లో వచ్చిన 'ది నేచురల్ వే టు డ్రా' అనే పుస్తకం ప్రచారంలోకి తెచ్చిన అంచు గీత మొదటిది: కన్ను వస్తువు అంచు వెంట చీమ పాకినంత నెమ్మదిగా కదులుతుంటే, కాగితం వైపు చూడకుండా పెన్సిల్‌ను అదే వేగంతో కదపాలి. వచ్చిన బొమ్మ వంకరటింకరగా ఉంటుంది, తరగతి అంతా నవ్వుకుంటుంది, ఆ నవ్వులోనే తప్పు గీస్తామన్న భయం సగం పోతుంది. బెటీ ఎడ్వర్డ్స్ 1979 నాటి తన పుస్తకంతో ప్రసిద్ధం చేసిన ఖాళీ జాగా గీయడం రెండోది: కుర్చీని గీయమంటే పిల్లలు తమ మనసులో ఉన్న కుర్చీని గీస్తారు, అదే కుర్చీ కాళ్ల మధ్య కనిపించే ఖాళీల ఆకారాలను మాత్రమే గీయమంటే, ఆ ఆకారాలకు పేర్లు లేవు కనుక చూడక తప్పదు, అవి పూర్తయ్యేసరికి కుర్చీ దానంతటదే తయారవుతుంది. రెండింటికీ ఖర్చు లేదు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో హాజరు, సర్దుకోవడం పోగా ముప్పై నిమిషాలు మిగులుతాయి కాబట్టి ఒక అభ్యాసానికి పది నిమిషాలకు మించి ఇవ్వకుండా, ఆ పది నిమిషాలూ రబ్బరును సంచిలోంచి తీయనివ్వకపోవడం మంచిది. పెన్నుతో గీయిస్తే ఇంకా మంచిది. రబ్బరు చేతిలో ఉన్న పిల్లవాడు గీసేదానికంటే చెరిపేదే ఎక్కువ.

చూసి గీయడంలో కాస్త ధైర్యం వచ్చాక రెండో పనికి, అంటే ఫొటో పోలిక మీద మోజును సడలించే పనికి, ఈ ప్రాంతపు చేతిపనులు అక్కరకు వస్తాయి. నిర్మల్ కొయ్యబొమ్మలను, అక్కడి చిత్రాలను ఏడాదికొకసారి చార్టు మీద అంటించి గోడకు తగిలించడమే చాలా బడుల్లో స్థానిక కళ పేరుతో జరిగే పని. అంతకంటే ఆ పని జరిగే క్రమాన్ని తరగతిలోకి తేవడం ఎక్కువ ఫలితమిస్తుంది. నిర్మల్ కళాకారులు తేలికగా, మెత్తగా ఉండే పొణికి కర్రను చెక్కి, విడివిడిగా తయారైన భాగాలను చింతగింజల జిగురుతో అతికి, పైన తెల్లని పూత వేసి ఆరాక రంగులు వేస్తారు. జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద సందులను పూడ్చడానికి పనికొస్తుంది. పొణికి చెట్టు అడవిలో అరుదైపోతున్నందున, దాన్ని బడి పిల్లల చేతికి ఇవ్వాలనుకోవడం సమంజసం కాదు. ముద్ద సంగతి అలా కాదు: చింతగింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికిస్తే వచ్చే జిగురులో వడ్రంగి దుకాణం దగ్గర ఉచితంగా దొరికే రంపపు పొట్టును జల్లించి కలిపితే, ఆరినాక గట్టిపడే ముద్ద సిద్ధమవుతుంది, దానితో ముసుగులు, పండ్లు, పక్షులు చేయవచ్చు. చేర్యాల కళాకారులు ముసుగులు చేసేది ఈ రకం ముద్దతోనే.

నిర్మల్ చిత్రాల్లో ముదురు రంగు నేల మీద బంగారు ఛాయల్లో బొమ్మ తేలివచ్చే పద్ధతిని గమనిస్తే మరో ఉపాయం తడుతుంది. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో నీడలు వేయడం ఈ వయసు పిల్లలకు కష్టమైన పని, ఎందుకంటే నీడను ఎక్కడ ఆపాలో తెలియక ముఖమంతా నల్లగా చేసేస్తారు. పాత నోటు పుస్తకాల అట్టలకు నల్లరంగు పూసి, సుద్దముక్కతోనూ పసుపు చాక్‌పీసుతోనూ గీయమంటే పని తిరగబడుతుంది. ఇక్కడ వేయవలసింది వెలుగు, వెలుగు పడని చోటును ముట్టుకోకుండా వదిలెయ్యడమే నీడ. కిటికీ పక్కన పెట్టిన చెంబు మీద వెలుగు ఎక్కడ పడిందో చూసి అక్కడ మాత్రమే సుద్ద రుద్దిన పిల్లలు, ఆ తర్వాత తెల్ల కాగితం మీదికి వచ్చినప్పుడు నీడను కొలిచి వేస్తారు. బడిలో ఉన్న నల్లబల్ల కూడా ఈ పాఠానికి పనికొచ్చేదేనని వేరే చెప్పనక్కర లేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగవలసిన చోటు నకాషీ పటం. కరీంనగర్‌కు దక్షిణాన, ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఈ కళకు నిలయం. పటం అంటే గుడ్డ మీద నిలువుగా, ఒకదాని కింద ఒకటిగా అడ్డపట్టీల్లో కథను చిత్రించిన పొడవాటి చుట్ట. పటం కథకులు దాన్ని వేలాడదీసి, ఒక్కో భాగాన్ని చూపిస్తూ కులపురాణాలు చెబుతారు, పద్మశాలీల మార్కండేయ పురాణం వాటిలో ఒకటి. నేత మగ్గాలకు పేరుపడిన సిరిసిల్ల పిల్లల్లో కొందరి ఇళ్లలో ఆ కథ తెలిసిన పెద్దలు ఇంకా ఉంటారు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, బంక కలిపి పూతలు పూసి ఆరబెట్టి, గీత గీసి, ఎర్రని నేల నింపి, మనుషులకు రంగులు వేసి, చివర నల్లని గీతతో కళ్లు, అంచులు దిద్దుతారు. ఈ క్రమం తెలిసిన ఉపాధ్యాయుడికి ఒక సంగతి వెంటనే స్ఫురిస్తుంది: ఇందులో దూరం వస్తువు చిన్నదిగా, దగ్గరిది పెద్దదిగా ఉండవలసిన పని లేదు, వెలుగునీడలు లేవు, ముఖాలు ఒక పద్ధతి ప్రకారం ఉంటాయి, కథలో ఎవరు ముఖ్యులో వారే పెద్దగా కనిపిస్తారు. నాకు బొమ్మలు రావన్న పిల్లవాడు ఏ కొలతకు భయపడి ఆగిపోయాడో ఆ కొలత ఇక్కడ లేదు, అయినా పని తేలిక కాదు. గీత తెగకుండా సాగాలి, రంగు గీత దాటకూడదు, కథ ఒక పట్టీ నుంచి మరొక పట్టీకి నడవాలి.

నలభై ఎనిమిది మంది ఉన్న తరగతిని ఎనిమిది మంది చొప్పున ఆరు జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో కథ ఇస్తే, పిల్లవాడికొక కాగితం చొప్పున ఎనిమిది పట్టీలు వస్తాయి, వాటిని కింద కింద అతికితే ఆరు పటాలవుతాయి. కథ పురాణమే కానక్కర లేదు. చెరువు నిండిన సంవత్సరం, సింగరేణి బొగ్గు బావిలో మొదటి షిఫ్టుకు వెళ్లిన మనిషి దినచర్య, గల్ఫ్‌కు వెళ్లి తిరిగొచ్చిన కుటుంబం, ఊరి జాతర ఇవన్నీ ఈ ప్రాంతపు పటాలకు తగినవే. నేల ఒకటే ఎరుపు, అంచుపూల వరస ఒకటే అని ముందుగా ఒప్పుకుంటే, వేర్వేరు చేతులు గీసినా పటం చెదరదు. కథ ఎంచుకునేటప్పుడు ఏ కులాన్నీ ఇంకో కులం పిల్లలు ఎగతాళి చేసే అవకాశం లేకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం ఉపాధ్యాయుడిదే.

పద్ధతి ప్రకారం గీయడం వ్యక్తిత్వాన్ని చంపుతుందని కొందరు కళా విద్యావేత్తలు సందేహిస్తారు. సిద్దిపేటలో చిత్రలేఖన ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే నకాషీ రీతిని తనదిగా మలచుకున్న కాపు రాజయ్య (1925–2012) జీవితం ఆ సందేహానికి తగిన సమాధానం. 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొంది కూడా, చివరికి తన ఊరి ఆడవాళ్ల పసుపు ముఖాలకు, పెద్ద బొట్టుకు, ముదురు రంగు చీరలకు తిరిగి వచ్చాడు. ఆయన కళాదర్శకత్వం వహించిన 'దాసి' (1988) చిత్రానికి జాతీయ పురస్కారం లభించింది. వీరి బొమ్మల ముద్రిత ప్రతులను తరగతిలో చూపించేటప్పుడు, బాగుందా లేదా అని అడగడం కంటే, ఇందులో ఎన్ని రంగులున్నాయి, ముక్కు ఏ వైపు తిరిగింది, నీడ ఎక్కడుంది అని అడిగితే పిల్లలు ఎక్కువసేపు చూస్తారు.

రంగుల పాఠానికి బడి క్యాలెండరే దారి చూపిస్తుంది. బతుకమ్మ సెలవులకు వారం ముందు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు బల్ల మీదికి వస్తే, ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే రెండూ మెరుస్తాయో, ఏవి ఒకదాన్నొకటి మింగేస్తాయో చేతులతోనే తేలుతుంది. పసుపు వరస మీద నీలం వరస ఎందుకు పెడతావని అడిగితే, అట్లనే పెట్టాలె అని ఆడపిల్లలు చెప్పే జవాబులో పరస్పర విరుద్ధ వర్ణాల సూత్రం, అంటే రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయన్న నియమం, దాగి ఉంది. గునుగు పూల కొసలకు వారు అద్దే రంగులు కూడా ఈ కోవలోనివే. రంగు అంటే ఒక పొడి, దాన్ని పట్టి ఉంచే ఒక బంక అని తెలిస్తే పెట్టె రంగుల మీద ఆధారపడడం తగ్గుతుంది: ఎర్రజాజు, బొగ్గు, సుద్ద, పసుపు పొడులకు తుమ్మ జిగురు కలిపితే నాలుగు రంగులు, పసుపులో సున్నం కలిపితే ఐదోది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడవి అంచు ఊళ్లలో మోదుగు పూలు రాలినప్పుడు వాటిని నానబెట్టి తీసిన నారింజ నీరు కాగితం మీద పలుచని పూతకు సరిపోతుంది.

సంక్రాంతి నెల ముగ్గుది. ఏడు చుక్కలు పెట్టి, సందు చుక్కలతో నాలుగు వరకు తగ్గించిన ముగ్గులో ముప్పై ఏడు చుక్కలుంటాయి, వాటి చుట్టుకొలత ఆరు భుజాల ఆకారం. కాగితాన్ని అరవై డిగ్రీలు తిప్పితే చుక్కల అమరిక మారదు. లెక్కల మాస్టరు ఒక పీరియడ్ ఇస్తే సౌష్ఠవం గురించి ఇంతకంటే సులువుగా చెప్పే సాధనం దొరకదు. ముగ్గు వచ్చిన అమ్మాయిలను బల్ల దగ్గరికి పిలిచి నేర్పించమనడం, రానివారి వరసలో అబ్బాయిలతో పాటు ఉపాధ్యాయుడు కూడా కూర్చోవడం ఆ రోజు తరగతి వాతావరణాన్ని మార్చేస్తుంది.

గీత మీద పట్టు చిక్కిన తొమ్మిదో తరగతికి కరీంనగర్ వెండి తీగ పని, అంటే సన్నని వెండి తీగలను మెలిపెట్టి, వంచి, అతికి జాలీలా నగిషీ చేసే ఫిలిగ్రీ, మంచి ప్రేరణ. ఇళ్ల నిర్మాణంలో వాడే బైండింగ్ వైరు ముక్కతో, ముందు గీసిన అంచు గీత బొమ్మనే తెగకుండా వంచమంటే, కాగితం మీది గీత చేతిలోకి వస్తుంది. కొసలు గుచ్చుకోకుండా వంచి మూయడం ముందే నేర్పాలి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కేస్లాగూడ, ఉషేగావ్‌లలో ఓజ కళాకారులు చేసే డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి అచ్చు మీద మైనపు పోగులు చుట్టి, పైన మళ్లీ మట్టి కప్పి కాల్చితే మైనం కరిగిపోగా, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. పోతపోయడం బడిలో చేయకూడని పనే గాని, వినాయక చవితి ముందు చెరువు మట్టి తెచ్చినప్పుడు, మట్టి బొమ్మ మీద సన్నని మట్టి పోగులు చుట్టి అలంకరించే భాగం వరకు ఏ తరగతైనా చేయగలదు.

గోండు, కొలాం పిల్లలు ఉన్న ఆశ్రమ పాఠశాలల్లో మరికొంత జాగ్రత్త అవసరం. 1940వ దశకంలో మార్లవాయిలో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చొరవతో గిరిజన ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు, తొలి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. పిల్లవాడి మాటతో మొదలుపెట్టాలన్న ఆ ఆలోచన బొమ్మకూ వర్తిస్తుంది. గుస్సాడీ నర్తకుడి నెమలి ఈకల కిరీటాన్ని పోస్టర్ కోసం గీయించడం తేలిక, కాని అది దండారి పండుగలో నియమనిష్ఠలతో ధరించే పవిత్ర వస్తువు అని, దాన్ని గీసే ముందు ఇంట్లో పెద్దలను అడిగి రమ్మనాలని ఉపాధ్యాయుడికి తెలిసి ఉండాలి. మార్లవాయికే చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించిన సంగతి ఆ పిల్లలకు ఉపాధ్యాయుడికంటే బాగా తెలిసి ఉంటుంది.

ఫోన్‌లోంచి సినిమా హీరో ముఖాన్ని గళ్లు గీసి దించడం ఈ వయసువారికి ప్రీతిపాత్రమైన పని. దాన్ని నిషేధించడం వృథా. సైన్‌బోర్డు చిత్రకారులు కూడా గళ్ల పద్ధతిలోనే చిన్న బొమ్మను పెద్దది చేసేవారు. అది పెద్దది చేసే సాధనమే తప్ప చూడడం నేర్పేది కాదని మాత్రం గుర్తుంచుకుని, ఫోన్ బొమ్మ ఒకటి గీసినవారు పక్క బెంచీ మనిషి బొమ్మ ఒకటి గీయాలన్న షరతు పెడితే చాలు. ఆగస్టు 15కు జరిగే పోటీల్లో రెండు చేతుల మధ్య భూగోళం, దాని మీద మొక్క ఉన్న బొమ్మకే బహుమతి ఇచ్చే అలవాటు కొబ్బరి చెట్టుకంటే ఎక్కువ హాని చేస్తుంది.

మూల్యాంకనంలో పిల్లవాడిని పక్కవాడితో కాక జూన్‌లో తానే గీసినదానితో పోల్చాలి. ఇందుకు ప్రతి ఒక్కరికీ పాత వార్తాపత్రిక మడిచి కుట్టిన సంచి ఒకటి ఉంటే సరి, తేదీ వేసిన బొమ్మలన్నీ, చెడినవాటితో సహా, అందులో ఉంటాయి. బాగుంది అన్న ఒక్క మాటకంటే, ఈ గీత ఇక్కడ ఎందుకు ఆగింది అన్న ప్రశ్న పిల్లలకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

చట్టపరంగా చూస్తే, 2009 విద్యాహక్కు చట్టం వందమందికి మించి పిల్లలున్న ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడిలో కళా విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలు తప్పనిసరి అంది. 2015లో మొదలైన కళా ఉత్సవ్ తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి జాతీయ స్థాయి వేదిక కల్పించింది. ఇష్టం పెరిగిన విద్యార్థికి ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు, ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఎ. వంటి దారులున్నాయని తల్లిదండ్రులకు చెప్పవలసింది కూడా ఆ ఉపాధ్యాయుడే.

పదో తరగతికి జనవరి తర్వాత డ్రాయింగ్ పీరియడ్ మిగలదు, దాన్ని ఏదో ఒక సబ్జెక్టు పునశ్చరణకు తీసుకుంటుంది. అప్పుడు చేయగలిగింది జీవశాస్త్రం మాస్టరుతో మాట్లాడి, రికార్డులో వేయవలసిన పువ్వు నిలువుకోతను పాఠ్యపుస్తకంలోంచి దించకుండా, ఎవరి పెరట్లోంచో ఒక మందార తెప్పించి, బ్లేడుతో మధ్యకు కోసి, అండాశయం ఎక్కడుందో చూసి గీయమనడం.